జాతర తినుబండారాలు, బేకరీ బన్నులు ఇంట్లోనే: వేడి లెక్క తెలిస్తే చాలు

మే నెలలో గంగమ్మ జాతర మొదలైందంటే తిరుపతిలో తాతయ్యగుంట గుడి చుట్టూ వీధులన్నీ బొరుగుల మూటలు, చెనక్కాయ చిక్కీలు, బజ్జీల బాణళ్లతో నిండిపోతాయి. కాణిపాకం బ్రహ్మోత్సవాలప్పుడు, కుప్పం జాతరలోనూ ఇదే సందడి. ఆ రుచి ఇంట్లో రాదని చాలామంది ప్రయత్నించకుండానే వదిలేస్తారు. సరుకులు అవే, కొలతలూ పెద్ద రహస్యం కాదు. అంగడిలో ఏళ్ల తరబడి చేసేవాళ్లు నురగ చూసి, చప్పుడు విని వేడిని పట్టేస్తారు. అలవాటు లేనివాళ్లకు దొరకనిది అదొక్కటే. పాకం ఎన్ని డిగ్రీలకు దించాలి, నూనె ఎన్ని డిగ్రీల దగ్గర ఉండాలి, ఓవెన్ నిజంగా ఎంత వేడెక్కింది అన్న మూడు సంగతులు చేతిలోకి వస్తే జాతర అంగడికీ మీ వంటింటికీ తేడా ఉండదు.

పీచుమిఠాయి మాత్రం వదిలేయండి. కరిగిన పంచదారను వేగంగా తిరిగే గిన్నె సన్నని రంధ్రాల గుండా విసిరితేనే ఆ పీచు వస్తుంది. గరిటెలతో చేయబోతే చేతులు కాలడమే మిగులుతుంది.

ముందుగా కొనాల్సినవి

గ్రాముల్లో తూచే చిన్న కాటా, 200 డిగ్రీల దాకా చూపించే వంట థర్మామీటర్, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్. కప్పు కొలతలతో బజ్జీ పిండి కలపొచ్చు గానీ బన్ను పిండి కలపకూడదు. ఒకే కప్పులో మైదాను వదులుగా పోస్తే ఒక బరువు, అదిమి నింపితే ఇంకో బరువు వస్తుంది. ఇక్కడ టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్లది.

థర్మామీటర్ కొన్న రోజే మరిగే నీళ్లలో పెట్టి చూడండి. తిరుపతిలో దాదాపు 99.5, చిత్తూరులో 99 చూపించాలి. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో 98కి కాస్త అటూ ఇటుగా మరుగుతాయి కాబట్టి, అక్కడివాళ్లు కింద చెప్పే పాకం అంకెలన్నిట్లో రెండు డిగ్రీలు తగ్గించుకోవాలి. నూనె, ఓవెన్ అంకెలు ఎక్కడైనా ఒకటే.

పాకం: చిక్కీ, బొరుగుండలు

బెల్లం నీళ్లు మరిగేకొద్దీ నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది, వేడి పెరుగుతుంది. 105 డిగ్రీల దగ్గర తీగ సాగుతుంది. 115 దగ్గర చల్లనీళ్లలో మెత్తని ఉండ కడుతుంది. 125 దాటితే గట్టి ఉండ అవుతుంది, అప్పటికి పాకంలో నీళ్లు పదో వంతు కూడా ఉండవు. 145 నుంచి 150 మధ్యలో నీళ్లు దాదాపు పూర్తిగా పోయి, చల్లారాక గాజులా టక్కున విరుగుతుంది. బొరుగుండకు మూడోది, చిక్కీకి నాలుగోది కావాలి. పళ్లకు అంటుకునే చిక్కీ అంటే 130 దగ్గరే దించేసిన చిక్కీ.

బెల్లం ఎంపికలోనే సగం పని ఉంది. మన జిల్లా బెల్లానికి పెట్టింది పేరు, చిత్తూరు మార్కెట్లో రకరకాల అచ్చులు దొరుకుతాయి. తెల్లగా మెరిసేదాని వెంట పడకండి, ఆ తెలుపు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లున్నారు. ముదురు గోధుమ రంగులో ఉండి, సుత్తితో కొడితే పొడిగా పగిలేది తీసుకోండి. చేతికి తడి తగిలే బెల్లం, చెమ్మ పీల్చిన పాత బెల్లం చిక్కీకి పనికిరావు. వాటిలో పంచదార విడిపోయి గాలిలోని తేమను లాక్కుంటుంది, ఎంత పాకం పట్టినా రెండో రోజుకు చిక్కీ జిగటగా మారుతుంది.

చిక్కీకి వేయించి పొట్టు తీసి బద్దలు చేసిన చెనక్కాయలు 500 గ్రాములు, బెల్లం 375 గ్రాములు, నీళ్లు 50 మిల్లీలీటర్లు, నెయ్యి ఒక టీ స్పూను, ఏలకుల పొడి అర టీ స్పూను తీసుకోండి.

మొదట చెనక్కాయలు. మందపాటి బాణలిలో చిన్న మంటపై పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కలుపుతూనే వేయించాలి. మంట పెంచితే పైన మచ్చలు పడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. ఒక గింజ చల్లార్చి కొరికితే కరకరలాడాలి. వేడి మీద అన్నీ మెత్తగానే అనిపిస్తాయి కాబట్టి చల్లారకుండా తీర్పు ఇవ్వకండి.

పాకం మొదలుపెట్టకముందే బండ మీద, అప్పడాల కర్రకు, కత్తికి నెయ్యి రాసి పెట్టుకోండి. తర్వాత టైం ఉండదు. బెల్లం నీళ్లలో కరిగాక వడకట్టి, అడుగున ఇసుక ఉంటే పారేసి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. మధ్యస్థం మంట మీద 120 దాకా త్వరగా వెళ్తుంది. అక్కణ్నుంచి మంట తగ్గించి కలుపుతూ ఉండాలి, బెల్లం పంచదార కంటే ముందే మాడుతుంది. పెద్ద నురగ అణిగి చిన్న చిన్న బుడగలతో మెరుపు వస్తుంది. 146 చూపగానే ఒక చుక్క చల్లనీళ్లలో వేసి తీసి విరవండి. సాగకుండా టక్కుమంటే అయినట్టే. 150 దాటనిస్తే చేదు దిగుతుంది, దానికి విరుగుడు లేదు.

పొయ్యి ఆపి నెయ్యి, ఏలకుల పొడి, వెచ్చగా ఉన్న చెనక్కాయలు వేసి ఒక్క నిమిషంలో కలిపేయండి. చెనక్కాయలు వెచ్చగా ఎందుకంటే, చల్లటివి పడితే పాకం గడ్డకట్టి గింజలకు సమంగా పట్టదు. బండ మీద కుమ్మరించి అర సెంటీమీటరు కంటే కాస్త మందంగా ఒత్తి, వేడి మీదే కత్తితో గీతలు లోతుగా గీయండి. రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే ముక్కలు కావు, పెంకులవుతాయి. చల్లారాక గీతల మీద విరిచి, గోరువెచ్చన పూర్తిగా పోకముందే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టేయండి.

మే నెల మధ్యాహ్నాల పొడి గాలి చిక్కీకి మంచి స్నేహితుడు. అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానల్లో చేస్తే బయట పెట్టిన కాసేపటికే చెమర్చుతుంది. ఆ రోజుల్లో 148 దాకా పట్టి, ముక్కల మధ్య నూనె కాగితం వేసి వెంటనే మూసేయాలి.

బొరుగుండలకు బొరుగులు 100 గ్రాములు, బెల్లం 180 గ్రాములు, నీళ్లు 50 మిల్లీలీటర్లు. బొరుగులు ముందు రెండు నిమిషాలు వట్టి బాణలిలో వేయించి కరకర తెప్పించాలి, మెత్తబడ్డ బొరుగులతో ఉండ చేస్తే రబ్బరు నమిలినట్టు ఉంటుంది. పాకం 126 నుంచి 128. థర్మామీటర్ లేకపోతే చల్లనీళ్లలో వేసిన పాకాన్ని ఉండ చేసి స్టీలు పళ్లెంలోకి విసరండి, ఠంగుమని మోగాలి. బొరుగులు కలిపాక చేతికి బియ్యప్పిండి అద్దుకుని, ఓర్చుకోగలిగినంత వేడిలోనే గబగబా ఉండలు చుట్టాలి. మధ్యలో గట్టిపడితే గిన్నెను అర నిమిషం చిన్న మంట మీద పెడితే మళ్లీ వదులవుతుంది. ఇద్దరు ఉంటే మేలు.

పాకం చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది, నూనె కంటే ప్రమాదం. పక్కన ఒక గిన్నెడు చల్లనీళ్లు ఉంచుకోండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి.

మిరపకాయ బజ్జీ

పన్నెండు బజ్జీ మిరపకాయలకు శెనగపిండి 250 గ్రాములు, బియ్యప్పిండి 30 గ్రాములు, ఉప్పు ఒకటిన్నర టీ స్పూను, కారం అర, వాము ఒక టీ స్పూను, వంట సోడా పావు టీ స్పూను, నీళ్లు సుమారు 300 మిల్లీలీటర్లు. నీళ్లు ఒకేసారి పోయకండి, పిండి పాతదైతే ఎక్కువ తాగుతుంది. పావు లీటరు పోసి ఐదు నిమిషాలు బాగా గిలక్కొట్టి, మిగతాది చూసుకుంటూ కలపండి. గరిటె వెనకవైపు వేలితో గీత గీస్తే ఆ గీత కూడుకోకుండా నిలవాలి. సోడా మాత్రం బాణలి వేడెక్కాకే వేయండి. ముందే వేస్తే గాలి అంతా పోయి పిండి చప్పబడుతుంది.

మిరపకాయలు కడిగాక బట్టతో బాగా తుడవాలి. తడి ఉంటే పిండి జారిపోతుంది, నూనె చిమ్ముతుంది. రెండు కొసలు వదిలి మధ్యలో చీల్చి, గింజలు తీసి, చిక్కటి చింతపండు గుజ్జులో వాము, ఉప్పు కలిపిన ముద్ద పల్చగా రాయండి. ఎక్కువ కూరితే వేగేటప్పుడు బయటికొచ్చి నూనెలో మాడి, తర్వాతి వాయి అంతా నల్లమచ్చలు పడుతుంది.

చెనక్కాయ నూనె 175 డిగ్రీలు. పిండి చుక్క వేస్తే అడుగుకు దిగి, రెండు మూడు సెకన్లలో పైకి తేలాలి. ఒక వాయికి నాలుగే వేయండి. ఆరు వేస్తే నూనె 150కి పడిపోతుంది, బజ్జీలు నూనె పీల్చేస్తాయి. అంగళ్లలో చేసేది రెండు దఫాల వేపుడు: మొదట రెండు నిమిషాలు వేపి, లేత రంగులోనే తీసి పక్కన పెడతారు. గిరాకీ రాగానే ముక్కలుగా కోసి 185 దగ్గర ఇంకో నిమిషం వేపుతారు. ఆ కోసిన అంచుల కరకరే జాతర బజ్జీ రుచి. పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం, పక్కన కారం బొరుగులు.

బజ్జీ నూనె కారుతుంటే కారణం మూడింట్లో ఒకటి: నూనె చల్లగా ఉంది, పిండి పల్చన, లేదా సోడా ఎక్కువ. పిండిలో పసుపు వేసే అలవాటుంటే సోడా ఎక్కువైన సంగతి కంటికే తెలుస్తుంది, పసుపు ఎర్రబడిపోతుంది. వేపిన నూనెను వడకట్టి ఒకటి రెండుసార్లు తాళింపులకు వాడుకోవచ్చు. నురగ ఆగకుండా వస్తున్నా, జిగటగా నల్లబడ్డా పారేయండి.

బెల్లం జిలేబీ, క్లుప్తంగా

మైదా 250 గ్రాములు, శెనగపిండి 25, పుల్లటి పెరుగు 60, నీళ్లు సుమారు 220 మిల్లీలీటర్లు కలిపి పులియబెట్టండి. ఎండాకాలంలో ఆరేడు గంటలు, చలికాలంలో రాత్రంతా. పైన బుడగలు, ముక్కుకు పులుపు తెలియాలి. పాకానికి బెల్లం 500 గ్రాములు, నీళ్లు 200 మిల్లీలీటర్లు, తీగ పాకం. పంచదారతో చేస్తే గడ్డకట్టకుండా ఒక టీ స్పూను నిమ్మరసం పిండాలి, బెల్లానికి అక్కర్లేదు. వెడల్పాటి పెనంలో రెండు మూడు సెంటీమీటర్ల నూనె చాలు, వేడి 165. పిండిని సన్నని మూతి ఉన్న సీసాలో నింపి నూనెలో చుట్టలుగా పిండండి. పిండి నూనెలో విచ్చుకుపోతే పల్చనైందని, రెండు చెంచాల మైదా కలపండి. చుట్ట మధ్యలో మందంగా, మెత్తగా ఉంటే సీసా మూతి పెద్దదైందని. కరకరలాడేలా వేపిన జిలేబీని వేడి మీదే వెచ్చటి పాకంలో వేసి, అటో ఇటో తిప్పి ఒక్క నిమిషంలో తీసేయాలి. పాకం వేడి పొగలు కక్కుతుంటే కరకర పోతుంది, చల్లారిపోతే లోపలికి ఎక్కదు.

కొబ్బరి బన్ను

మన ఊళ్ల అయ్యంగార్ బేకరీల్లో గాజు బీరువా వెనక మెరిసే కొబ్బరి బన్ను వంటల పోటీలకు పెట్టదగ్గది. కష్టమంతా పిండి దగ్గరే.

మైదా 300 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, పంచదార 35, ఉప్పు 5, పాలు 185 మిల్లీలీటర్లు, వెన్న 30 గ్రాములు. లోపలికి పచ్చికొబ్బరి తురుము 150 గ్రాములు, పంచదార 75, టూటీ ఫ్రూటీ 50, ఏలకుల పొడి అర టీ స్పూను.

పుస్తకాల్లో గోరువెచ్చని పాలు అని రాస్తారు. అది చలి దేశాల మాట. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింట్లో 35 డిగ్రీలుంటుంది, కలిపిన పిండి 27 డిగ్రీల దగ్గర ఉండాలి. అందుకని పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవే వాడండి. పిండి వేడెక్కితే ఈస్ట్ తొందరపడుతుంది, బన్ను పుల్లటి వాసన వేసి, లోపల పెద్ద పెద్ద తొర్రలు పడతాయి. డిసెంబరులో మాత్రం గోరువెచ్చని పాలు సరే.

వెన్న తప్ప అన్నీ కలిపి పది నిమిషాలు వదిలేయండి, పిండి పాలను పీల్చుకుంటుంది. తర్వాత పన్నెండు నిమిషాలు బండ మీద సాగదీసి మడుస్తూ పిసకాలి, సగంలో వెన్న చేర్చండి. వెన్న పడగానే పిండి చెదిరి జారుతుంది, భయపడి మైదా చల్లకండి. రెండు నిమిషాల్లో మళ్లీ కూడుకుంటుంది. నిమ్మకాయంత ముద్ద తీసి నాలుగు వేళ్లతో మెల్లగా సాగదీస్తే, తెగకుండా అవతలి వెలుతురు కనిపించే పొర రావాలి. వెంటనే తెగితే ఇంకో మూడు నిమిషాలు. ఇక్కడ బద్ధకిస్తే బన్ను రెండో పూటకే రస్కులా ఎండిపోతుంది.

నూనె రాసిన గిన్నెలో తడిబట్ట కప్పి ఉంచండి. ఎండాకాలం నలభై నిమిషాలు, చలికాలం గంటంపావు. గడియారం కాదు చూడాల్సింది, రెట్టింపు అయిందా లేదా అన్నది. ఈలోగా కొబ్బరిని వట్టి బాణలిలో ఐదు నిమిషాలు చిన్న మంట మీద వేయించి తడి పోగొట్టి, చల్లారాక మిగతావి కలపండి. పచ్చికొబ్బరి అలాగే పెడితే దాని నీళ్లు, కరిగిన పంచదార కలిసి బన్ను అడుగు పిండిపిండిగా ఉండిపోతుంది.

పిండిని 70 గ్రాముల ముద్దలుగా తూచితే ఎనిమిది వస్తాయి. ఒక్కోదాన్ని అంచులు పల్చగా, మధ్యలో మందంగా ఒత్తి, 30 గ్రాముల కొబ్బరి పెట్టి, అంచులు కూడదీసి నొక్కి, అతుకు కిందికి వచ్చేలా పళ్లెంలో పెట్టండి. మధ్యలో మందం ఎందుకంటే, అతుకు వేసినప్పుడు అడుగున ముడత చేరి మందమవుతుంది, పైభాగం కూడా అంతే ఉంటేనే కోసినప్పుడు కొబ్బరి సరిగ్గా నడిమధ్యన కనిపిస్తుంది.

ఇంకో ముప్పై నిమిషాలు పొంగనిచ్చి, వేలితో మెల్లగా నొక్కండి. గుంట నిదానంగా సగం నిండితే ఓవెన్‌లోకి. వెంటనే నిండిపోతే ఇంకా సమయం కావాలి. అసలు నిండకపోతే ఎక్కువ పొంగింది, ఇక ఆలస్యం చేయకండి. పైన పాలు రాసి 190 డిగ్రీల దగ్గర పదహారు నుంచి పద్దెనిమిది నిమిషాలు. లోపలి వేడి 93 చూపించాలి. తీయగానే వెన్న పూస్తే బేకరీ మెరుపు వస్తుంది, పైపొర మెత్తబడుతుంది.

చిన్న ఓవెన్ల మీటను నమ్మకండి. 190 అని పెట్టినా లోపల 175 ఉండొచ్చు, 205 ఉండొచ్చు. పావుగంట ముందే వేడెక్కించి లోపలి థర్మామీటర్ చూసి మీట సర్దుకోండి. ఓవెన్ లేకపోతే అడుగు మందంగా ఉన్న పాత దబరలో రెండు సెంటీమీటర్ల ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతతో పదిహేను నిమిషాలు వేడెక్కించి వాడుకోవచ్చు. బన్ను ఉడుకుతుంది, రుచి బాగుంటుంది, కానీ పైన ఎర్రటి రంగు రాదు. పోటీకి ఆ దారి వద్దు, కేకుకైతే ఫరవాలేదు.

రాగి బెల్లం కేకు

రాగి సంగటి తినే ఊళ్లలో పోటీకి ఇంతకంటే గౌరవమైన కేకు లేదని మా అభిప్రాయం. గుడ్లు వేయని పద్ధతి ఇది: రాగిపిండి 90 గ్రాములు, మైదా 90, బెల్లం పొడి 160, పెరుగు 150, నూనె 100 మిల్లీలీటర్లు, పాలు 80 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒక టీ స్పూను, వంట సోడా అర టీ స్పూను, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి.

రాగులతో వచ్చే చిక్కులు రెండు. ఒకటి ఇసుక తగిలినట్టు గరగర, రెండోది విరిగిపోవడం. మొదటిదానికి, రాగిపిండిని నాలుగు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేలా వేయించి, చల్లారాక పెరుగు, పాలు, బెల్లంతో కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. రెండోదానికి, సగానికి మించి రాగి వేయకండి. రాగిలో మైదాకుండే జిగురు లేదు, కేకును నిలబెట్టేది మైదానే.

నానిన తర్వాత నూనె కలిపి, మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు కలిపి జల్లించి చేర్చండి. పెరుగు, బెల్లంలోని పులుపు తగలగానే సోడా పని మొదలుపెడుతుంది, కాబట్టి కలిపిన ఐదు నిమిషాల్లో ఓవెన్‌లో ఉండాలి. ఏడు అంగుళాల గుండ్రటి టిన్నులో, 170 డిగ్రీలు, నలభై నుంచి నలభై ఐదు నిమిషాలు. మొదటి అరగంట తలుపు తీయకండి. నడిమధ్య కుంగితే సోడా ఎక్కువైందనో, తొందరపడి తీశారనో అర్థం. పైన గోపురంలా లేచి పగిలితే ఓవెన్ వేడి ఎక్కువ. సబ్బు రుచి వస్తే సోడా సరిగా కలవలేదు.

బల్ల మీద పెట్టేటప్పుడు

ఏ వంటల పోటీలోనైనా న్యాయనిర్ణేత ముందు చూసేది సమానత్వం. ఎనిమిది బన్నులు చేస్తే ఒకే రంగు, ఒకే ఎత్తు ఉన్న ఐదే పెట్టండి, ఒకటి అడ్డంగా కోసి ఉంచండి. అడుగు తిప్పి చూస్తారు, మాడితే మార్కులు పోతాయి. కోత శుభ్రంగా రావాలంటే రంపపు పళ్ల కత్తి వాడి, ప్రతి కోతకూ తడిబట్టతో తుడవాలి. కేకు మీద క్రీము పూయకండి, మన ఎండలో గంటలో జారిపోతుంది. వేయించిన చెనక్కాయ పలుకులు చాలు.

చిక్కీ వారం ముందే చేసుకోవచ్చు. రాగి కేకు ముందురోజు చేస్తే ఇంకా మెత్తబడి రుచి దిగుతుంది. బన్ను మాత్రం ఆ పొద్దునే కాల్చాలి. బొరుగుండలు, జిలేబీ కూడా అదే రోజు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా తీసుకెళ్లాలంటే బన్నులు పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, లేదంటే ఆవిరి పట్టి పైపొర ముడుచుకుంటుంది. జిలేబీ డబ్బా మూత కాస్త తెరిచి ఉంచాలి, చిక్కీ డబ్బా మాత్రం బల్ల దగ్గరికి చేరేదాకా తెరవొద్దు. బజ్జీలకు మొదటి దఫా వేపుడు ఇంట్లోనే ముగించి, రెండోది అక్కడే నూనె 185కి వచ్చాక వేపండి.